ఈనిడ్ ఖర్చుపెట్టిన ఆదివారం

హార్డెన్‌షాలో ఈనిడ్ ఆక్రాయిడ్ చేతిలో పడిన దారప్పోగు చెత్తబుట్ట మొహం చూసి ఎరగదని చెప్పుకునేవారు. యార్క్‌షైర్ కొండల కింద, వానలో నానిన నల్లరాతి ఇళ్ల మధ్య పుట్టింది. పద్నాలుగో ఏట ఉన్ని మిల్లులో చేరి, మగ్గం దిగిన బట్టను కిటికీ వెలుగుకి పట్టి, తెగిన పోగుల్ని సూదితో కలిపే పనిలో కుదురుకుంది. ఎన్ని గజాలు చూస్తే అంత కూలి. పక్కమనిషితో రెండు మాటలాడినా ఆ మేరకు కూలి తగ్గినట్టే.

ఇంగ్లీషు వాళ్లకి డబ్బు ఖర్చుపెట్టడానికీ, రోజు గడపడానికీ, ఒంట్లో సత్తువ ధారపోయడానికీ ఒకటే మాట, స్పెండ్. మనం కాలం గడుపుతాం, కష్టం పడతాం, డబ్బు మాత్రమే ఖర్చుపెడతాం. వాళ్లకి ఈ మూడూ ఒకే జేబులోంచి పోతాయి. ఈనిడ్ తల్లికి ఆ జేబుకి చిల్లి పడుతుందన్న భయం బతికినన్నాళ్లూ పోలేదు. చిన్నప్పుడు ఈనిడ్ బడినుంచి ఆలస్యంగా వస్తే, ఎక్కడున్నావే అని అడిగేది కాదు. ఆ గంట దేనిమీద ఖర్చుపెట్టావే అని అడిగేది. కప్పల్ని చూస్తూ కూర్చున్నానంటే, బజార్లో డబ్బు పారేసుకొచ్చిన దానిలా చూసేది.

అలా పెరిగిన ఈనిడ్ సబ్బుముక్కలతో పాటు నిమిషాలనీ దాచడం నేర్చుకుంది. చర్చి వెనక సందులోంచి నడిస్తే కొంచెం టైము మిగులుతుందని రోజూ ఆ బురద సందులోంచే వెళ్లేది. మిగిలిన టైముతో ఏం చేస్తావని ఆమెను ఎవరూ అడగలేదు. అడిగినా, ఇంకో పని చేస్తానని చెప్పేది.

ఆమె మొగుడు వెర్నాన్ అదే మిల్లులో మగ్గాలు బాగుచేసే మెకానిక్కు. నెమ్మదస్తుడు. పెళ్లైన పాతికేళ్ల తర్వాత కూడా ఆమెను "పిల్లా" అనే పిలిచేవాడు. యాభై దాటాక అతనికి కాలవ పిచ్చి పట్టుకుంది. ఒకప్పుడు ఉన్ని మూటల పడవలు తిరిగిన కాలవ అది. రైళ్లు, లారీలు వచ్చాక ఎండిపోయి, పాత పరుపులకీ విరిగిన సైకిళ్లకీ గొయ్యిలా మిగిలింది. దాన్ని తవ్వి మళ్లీ నీళ్లు పారిద్దామని ఊళ్లో కొందరు మగవాళ్లు ఆదివారాలు పారలు పట్టుకుని బయల్దేరారు. వాళ్లకి పెద్దదిక్కు లూయిస్ టెంపెస్ట్ అనే పోస్టుమాన్. వెర్నాన్ వెళ్లి అతని పక్కన చేరాడు.

మొదట్లో ఈనిడ్ పెద్దగా పట్టించుకోలేదు. ఆదివారం పూట సారా దుకాణంలో కూర్చోవడం కంటే నయమే కదా అనుకుంది. తర్వాత మిల్లు మూతపడింది. మొగుడూ పెళ్లాం ఒకే శుక్రవారం ఇంటికి వచ్చేశారు. చేతిలో పెట్టిన సొమ్ము కొంతకాలానికి సరిపోతుంది, అంతే. అప్పట్నుంచి వెర్నాన్ ఆదివారంతో ఆగలేదు, వారమంతా కాలవలోనే. పైగా బురదలో దిగడానికి మిల్లు సొమ్ములోంచి తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కొచ్చాడు.

ఆ సాయంత్రం ఈనిడ్ బంగాళాదుంపలు తరుగుతూ మొదలుపెట్టింది. జీతం రాని పనికి పగళ్లు తగలేస్తున్నావు, నడుము తగలేస్తున్నావు, ఇప్పుడు డబ్బు కూడానా అంది.

"నీళ్లలా ఖర్చుపెడుతున్నావు."

వెర్నాన్ బూట్లు గుమ్మం దగ్గర జాగ్రత్తగా నిలబెట్టి, "నీళ్లే ఉంటే ఈ బూట్లెందుకు కొంటాను పిల్లా," అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది కానీ రానివ్వలేదు. ఇన్నాళ్లు తవ్వి ఏం సాధించారో చెప్పమంది. అతను నిజాయితీగా ఆలోచించి, ఇవాళ ఒక పసిపిల్లల బండి దొరికిందనీ, రెండు చక్రాలు బాగానే ఉన్నాయనీ చెప్పాడు. ఆ రాత్రి ఉడికిన దుంపల గిన్నె ఆమె అతని ముందు కాస్త గట్టిగానే పెట్టింది.

మర్నాడు ఆమె కోపం హలీనా దగ్గర వెళ్లగక్కింది. హలీనా వీధి చివరింట్లో ఉండే ఉక్రెయిన్ మనిషి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చిన్న పెట్టెతో వచ్చి మిల్లులో ఈనిడ్ పక్క బల్ల మీదే సూది పట్టింది. మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది. తోటనిండా బీట్‌రూట్ వేసి, ఎవరొచ్చినా తినకుండా పోనిచ్చేది కాదు.

ఈనిడ్ చెప్పిందంతా విని హలీనా టీ వంచుతూ, మీ భాషలో నాకు మొదట అర్థం కాని మాట ఇదేనంది.

"సెలవురోజు ఎలా ఖర్చుపెట్టావని సూపర్వైజరమ్మ అడిగితే, నా పర్సు పోయిందేమో అనుకున్నా. మా భాషలో కాలాన్ని నడిపిస్తాం అంటాం. చిన్నపిల్లని చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా తీసుకెళ్తామే, అలాగ."

"మరి వృథా చేస్తే?"

"అప్పుడు ఖర్చు అంటాం. అన్నిటికీ అనం."

ఈనిడ్ మొహం ముడుచుకుంది. అలా చెయ్యి పట్టుకు నడిపించే తీరిక మీవాళ్లకి ఎవరిచ్చారో, మన మిల్లులో అయితే కూలి కోసేవాళ్లు అంది. హలీనా నవ్వి ఇంకో బీట్‌రూట్ ముక్క ఆమె పళ్లెంలో వేసింది. ఆ మాట అక్కడితో సరి.

తర్వాతి వేసవిలో ఎప్పుడూ లేనంత ఎండలు కాశాయి. కాలవ అడుగున నీళ్లు ఇంకిపోకుండా బంకమట్టి పరవాల్సిన సమయం అది. తడి మట్టిని పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొరనీ తొక్కి తొక్కి ముద్ద చేయాలి. ఆరితే బీటలు వారుతుంది, బీట వారితే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. బయట మిషను తిరిగింది కానీ, రాతి వంతెన కింద ఎత్తు చాలక అది దూరలేదు. అక్కడ మనుషుల కాళ్లే దిక్కు. సరిగ్గా ఆ శనివారం వెర్నాన్ మట్టి బస్తా ఎత్తబోయి నడుము పట్టేసి, సోఫాలో వెల్లకిలా పడ్డాడు.

ఆదివారం పొద్దున ఈనిడ్ చర్చికి వెళ్తూ, వెర్నాన్ రాలేడన్న కబురు చెప్పడానికి మాత్రమే కాలవ గట్టెక్కింది. వంతెన కింద నలుగురు ముసలాళ్లు ప్యాంట్లు మడుచుకుని ఎర్రమట్టిలో అడుగులేస్తున్నారు. లూయిస్ టెంపెస్ట్ వంతెన రాతికి ఆనుకుని ఆయాసపడుతున్నాడు. ఎండ వంతెన అంచు దాటి లోపలికి పాకుతోంది. అది తాకినచోట మట్టి రంగు మారడం ఆమె గట్టుమీంచే చూసింది.

ఆయనకి కబురు చెప్పింది. ఆయన తలాడించి, సాయంత్రానికి ఈ పొర అవ్వదు, పోనీలే, మళ్లీ తవ్వుకుంటాం అన్నాడు. ఆ 'పోనీలే' ఆమెకి సూదిలా గుచ్చుకుంది. వెర్నాన్ వారాల తరబడి ఇంటికి మోసుకొచ్చిన ఈ ఎర్ర మరకల్ని తను ఎన్నిసార్లు తిడుతూ ఉతికిందో గుర్తొచ్చింది.

ఆమె టోపీ తీసి గట్టుమీద పెట్టింది. మేజోళ్లు చుట్టి బూట్లలో దోపింది. చర్చి గౌను మోకాళ్ల మీదికి ముడేసుకుని దిగింది. మట్టి చల్లగా వేళ్ల సందుల్లోంచి పైకి లేచింది. కాసేపు తొక్కాక, ఈ కాళ్లు చాలవని, అదే వేషంలో వీధిలోకి వెళ్లి హలీనా తలుపు తట్టింది. హలీనా ఆమె కాళ్లకేసి ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా చెప్పులు విడిచింది. దారిలో పాత మిల్లు మనుషుల్ని కేకేశారు. చర్చినుంచి వస్తున్న ఆడవాళ్లు కొందరు ఆగి చూశారు, చూసి నవ్వారు, నవ్వి దిగారు. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని వరసగా తొక్కుతుంటే వంతెన కింద పాటలు మోగాయి. హలీనా వాళ్ల ఊరి పాట ఒకటి ఎత్తుకుంది. మాటలు రాకపోయినా అందరూ దానికే అడుగేశారు.

"నువ్వు తొక్కుతున్నావా, నిమురుతున్నావా?" అని ఈనిడ్ పోస్టుమాన్‌ని అడిగింది.

"నా పెళ్లాం కూడా నన్ను ఇలా తిట్టలేదమ్మా," అన్నాడాయన.

"ఆవిణ్ణి కూడా పిలుచుకురా."

పొర పూర్తయి, తడి గోనెలు కప్పాక గానీ ఆమె ఆకాశం చూడలేదు. పొద్దు కొండ మీదికి ఒరిగింది. పొయ్యిలో పెట్టాల్సిన మాంసం పెట్టనేలేదు. చర్చికి వెళ్లలేదు. అంత సేపు ఎటుపోయిందో తెలియలేదు, వెతకాలనీ అనిపించలేదు.

ఇంట్లో వెర్నాన్ సోఫాలోనే ఉన్నాడు, చేతికందిన బిస్కెట్లు తిని. మోకాళ్ల దాకా ఎర్రగా ఉన్న పెళ్లాన్ని కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత అచ్చం అత్తగారి గొంతుతో అడిగాడు.

"రోజంతా దేనిమీద ఖర్చుపెట్టావే?"

"నోర్మూసుకో," అంది ఈనిడ్. అతని కాళ్ల దగ్గర కూలబడి, ఆపుకోలేక నవ్వింది. నవ్వుతుంటే నడుము నొప్పిగా ఉందని అతను మొత్తుకున్నా ఆపలేదు. ఆ రాత్రి ఇద్దరూ రొట్టె మీద గడ్డకట్టిన మాంసం కొవ్వు రాసుకుని తిన్నారు.

పై ఏడాది వసంతంలో నీళ్లు వదిలారు. వంతెన కింద నీళ్లు గోధుమరంగులో సుడి తిరిగి, నెమ్మదించి, అలాగే నిలబడ్డాయి. ఇంకలేదు. గట్టుమీద జనం చప్పట్లు కొడితే ఈనిడ్ మాత్రం వంగి చెయ్యి ముంచి చూసింది.

ఆ తర్వాత ఆమె మారిపోయిందని చెప్పలేం. దారప్పోగులు దాస్తూనే ఉంది, సబ్బుముక్కలు కలుపుతూనే ఉంది. కానీ గురువారాలు కాలవ ఎగువన మిగిలిన తవ్వకానికి వెళ్లేది. హలీనా బీట్‌రూట్ పులుసు పెద్ద గిన్నెలో తెచ్చేది. ఎండగా ఉన్న రోజుల్లో పని కాకపోయినా వెళ్లి గట్టుమీద కూర్చునేవాళ్లు.

వెర్నాన్ డెబ్బయ్యో పుట్టినరోజుకి లూయిస్ టెంపెస్ట్ తన పడవలో వాళ్లిద్దర్నీ పక్క ఊరికి తీసుకెళ్లాడు. బస్సులో అయితే కునుకు పట్టేలోగా చేరిపోయే ఊరు. పడవకి మధ్యాహ్నం అంతా పట్టింది. కాలవలో నీటిమట్టం మార్చే ఒక్కో తలుపు దగ్గరా ఆగి, నీళ్లు పైకొచ్చేదాకా కాచుకుని, మళ్లీ కదిలారు. ఒకచోట కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి, పడవ దగ్గరికొచ్చేదాకా కదల్లేదు. ఈనిడ్ నారింజ ఒలిచి సగం వెర్నాన్‌కిచ్చింది. తొక్కలు ఒళ్లో పెట్టుకుని, కొంగ ఎగిరి రెల్లుపొదల్లో దిగేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.