గోడ మీది పెద్దమ్మ

నగరం నడుమ కొండకు వేలాడే ఆ పేటలో, బొత్తాలు కుట్టే పెద్దమ్మకు గుమ్మం ముందు పీట వేసుకుంటే గానీ సూదిలోకి దారం ఎక్కదు. ఇంట్లో వెలుతురు చాలదు మరి. ఒళ్లో చొక్కాలు, పక్కన బొత్తాల డబ్బా, పెదవుల మధ్య దారం కొస. మెట్లదారి పొడవునా గోడలకు బొమ్మలేసిన చిత్రకారుడెవరో కిందటేడు ఆమెను కూడా ఆమె ఇంటి గోడ మీదే వేసి పోయాడు. అదే పీట, అదే డబ్బా, ముఖాన మాత్రం ఆమె ఎన్నడూ నవ్వని నవ్వు. అప్పట్నుంచి ఆమె ప్రాణానికి సుఖం లేదు. ఫోన్లు పట్టుకుని ఎక్కొచ్చేవాళ్లు ఆమె కాళ్లు దాటుకుంటూ పోతారు, డబ్బా తన్నేస్తారు. మెట్ల మీద దొర్లిన బొత్తాలను ఆమె నడుం పట్టుకుని, గొణుక్కుంటూ ఏరుకుంటుంది. ఈ పొద్దున ఒకమ్మాయి ఫోన్‌లోంచి తలైనా ఎత్తకుండా, "పెద్దమ్మా, కాస్త పక్కకి జరుగుతారా? మీరు అడ్డమొస్తున్నారు, బొమ్మలో ఆవిడ కనపడట్లేదు," అంది.

పెద్దమ్మ పళ్లతో దారం తెంపింది. లోపలికెళ్లి తడి దుప్పటి తెచ్చి, గోడ ముందున్న దండెం మీద, బొమ్మ మొత్తాన్నీ కప్పేసేలా ఆరేసింది.

"అయ్యో, ఆవిడేదీ?" అంది అమ్మాయి.

"పడుకుంది. లేపావంటే తిడుతుంది," అంది పెద్దమ్మ, పీట మీద కూర్చుంటూ.