మా ఇంటి ఐపీ అడ్రస్

ముత్తుకూరులో మేం అద్దెకున్న ఇంటికి నెట్ కనెక్షన్ మా ఆయన పేరు మీద తీసుకున్నాం. ఆయనది ఓడరేవు దగ్గర గోడౌన్‌లో ఉద్యోగం. నేను ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. పక్క వాటాలో ఉండే ఆయన థర్మల్ ప్లాంటులో షిఫ్టులు చేసేవాడు. ఆయన్ని అన్నా అనే పిలిచేదాన్ని.

ఒకసారి తుఫానుకి ఫోన్ సిగ్నళ్లు పోయాయి. వాళ్లమ్మాయికి ఆ రోజే ఆన్‌లైన్ పరీక్ష. తల్లి పిట్టగోడ దగ్గరికొచ్చి, "అక్కా, మీ వైఫై ఈ ఒక్కరోజు ఇయ్యక్కా" అంది. రౌటర్ అడుగున అంటించి ఉన్న పాస్‌వర్డే మేమూ వాడేవాళ్లం. చదివి చెప్పాను. పరీక్ష అయ్యాక దాన్ని మార్చాలని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

మరుసటి వేసవిలో మా బడి తెలుగు టీచర్ ఫొటోలు ఎవరో దొంగ అకౌంట్‌లో పెట్టి, కింద చెప్పుకోలేని రాతలు రాశారు. ఆ అమ్మాయికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. సెలవు రోజుల్లో మా ఇంటికి వచ్చిపోయేది. స్టాఫ్‌రూములో ఏడుస్తుంటే, పోలీసులకు చెబుదామని నేనే పట్టుబట్టి, తోడు వెళ్లి ఫిర్యాదు ఇప్పించాను.

కొన్నాళ్లకు జీపు మా ఇంటి ముందే ఆగింది.

"ఈ నెట్ ఎవరి పేరు మీద ఉండాది?" అన్నాడు ఎస్సై.

"నా పేరు మీదే సార్" అన్నారు మా ఆయన.

"ఆ ఫొటోలు ఎక్కించిన ఐపీ అడ్రస్ మీ ఇంటిదే."

"ఐపీ అడ్రస్ అంటే ఏంది సార్?"

"నెట్‌లో నీ ఇంటి నంబరు. పద, టేషన్లో మాట్లాడదాం."

వీధి వీధంతా చూస్తుండగా ఆయన జీపెక్కారు. మా ఇద్దరి ఫోన్లూ తీసుకుపోయారు. నేను ఆటో కట్టించుకుని వెనకే వెళ్లి, పక్కవాళ్లు కూడా మా వైఫైనే వాడుతున్నారని చెప్పాను. పక్కాయన ఫోన్ తెప్పించి చూస్తే ఆ దొంగ అకౌంట్ అందులోనే ఉంది. మా వాకిట్లో ఆ అమ్మాయి చెప్పులు విడుస్తుంటే, "బాగుండావామ్మా" అని పలకరించిన మనిషి ఆయన.

సాయంత్రానికి మా ఆయన్ని పంపించారు. ఫోన్లు తిరిగిచ్చిన రోజు తనది నా ముందు పెట్టి, "నువ్వు కూడా చూసుకో" అన్నారు. నేను ముట్టుకోలేదు. అయినా ఆ మాట ఆయన నోట వచ్చింది, అది మా ఇద్దరి మధ్యా ఉండిపోయింది.

పక్కాయన బెయిలు మీద బయటికొచ్చాడు. ఆయన భార్య నన్ను బావి దగ్గర నిలేసింది. "నువ్వు ఆ పాస్‌వర్డ్ ఇయ్యకపోతే ఆయనకి ఈ బుద్ధి పుట్టేదా?" అంది.

నెట్ కుర్రాణ్ణి పిలిపించి రౌటర్ పాస్‌వర్డులన్నీ మార్పించాను. "ఈ అడ్రస్ కూడా మార్చేయొచ్చా?" అని అడిగాను.

"ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఒక్కోసారి అదే మారిపోతాది మేడం. అయినా ఏ టైములో ఏ అడ్రస్ ఎవరికిచ్చింది కంపెనీకి తెలుస్తాది. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇయ్యబాకండి" అన్నాడు.

పాస్‌వర్డులు మారాయి గానీ వీధిలో మాట మారలేదు. జీపెక్కింది మా ఆయన కాబట్టి జనానికి ఆయనే గుర్తున్నారు. అసలు దొంగ ఎవరో తెలిసినవాళ్లు కూడా, వీళ్లకూ తెలియకుండా ఉంటుందా అనేవారు. గోడౌన్‌లో ఆడవాళ్లు పనిచేసే వైపు నుంచి ఆయన్ని వేరే షెడ్డుకు మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

తెలుగు టీచర్ మాత్రం ఒకరోజు నా దగ్గరికొచ్చింది.

"మీ తప్పు లేదని నాకు తెలుసక్కా. కానీ మిమ్మల్ని చూస్తే ఆ రాతలే గుర్తొస్తా ఉండాయి. నాతో మాట్లాడబాకండి" అంది.

సరేనన్నాను. ఏడాది చివర ఆమె గూడూరులో వేరే బడికి వెళ్లిపోయింది. ఆ సంగతి నాకు హెడ్మాస్టరు చెబితేనే తెలిసింది.