టీసీ కోసం ముషైరిబ్ దాకా

గల్ఫ్‌లో మా ఊళ్ళో ముషైరిబ్ వైపు ప్రభుత్వాఫీసు పని మీద వెళ్ళేవాళ్ళకు ముందే చెబుతున్నాను, యుద్ధం రోజుల్లో జిరాక్సులు మోసుకెళ్ళకండి. నేను మోశాను. ఆరు సెట్లు, పాస్‌పోర్టు ఫొటోలు, పైగా గమ్ సీసా.

నా డ్యూటీ ఊరికి దూరంగా రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో. దాడులు మొదలయ్యాక పది రోజులు ఇంటికి రానివ్వలేదు, క్యాంపులోనే ఉన్నాం. ఇక్కడ బళ్ళు మూసి చదువు ఆన్‌లైన్ చేశారు. పదో తరగతి చదివే మా అమ్మాయి సాహితికి ఏడాది పోయినట్టేనని నాకు నేనే తీర్మానించేసుకున్నాను. కాకినాడలో మా బావమరిది ఒక బళ్ళో సీటు మాట్లాడాడు. ఈ సాయంత్రంలోగా ఇక్కడి విద్యాశాఖ ఆఫీసులో టీసీకి దరఖాస్తు పెట్టి, రసీదు పంపకపోతే ఆ సీటు పోతుంది. పిల్ల వెళ్ళనంది. నేను వినలేదు.

ఉదయం 6:50కి ఐన్ ఖాలిద్‌లో మెట్రోకి చేర్చే బస్సెక్కాను. దీనికి టికెట్ లేదు, మెట్రోకి రెండు రియాళ్ళు. మెట్రో పెట్టె సగం ఖాళీ. పక్కన కూర్చున్నది రాయచోటి మనిషి, ఒక ఇంట్లో డ్రైవరు. దాడుల శబ్దాలు అలవాటయ్యాయా అని అడిగాను.

"యాడ అలవాటైతాదన్నా. పిల్లోళ్లకు బడి లేక డ్యూటీ తగ్గింది. నిద్ర గూడా తగ్గింది."

7:40కి ముషైరిబ్‌లో దిగి, ఒక రియాల్ చాయ్ తాగి, పది నిమిషాలు నడిచాను. ఆఫీసు అద్దాల వెనక కుర్చీలన్నీ ఖాళీ. కాపలా ఉన్న మల్లేశానిది జగిత్యాల దగ్గర పల్లె. నా గమ్ సీసా చూసి నవ్వు దాచుకున్నాడు.

"సార్లందరు ఇండ్లల్లనే కూసొని పని జేస్తున్రన్నా. కాయితం మాఫీ. అంత ఫోన్లనే. నిన్న గూడ నీ లెక్కనే ముగ్గురొచ్చిండ్రు."

నీడలో కుర్చీ వేసి, నీళ్ళిచ్చాడు. ఫోన్లో దరఖాస్తు తెరిచి మా అమ్మాయి బడి నంబరు కొట్టగానే బడి పంపిన హాజరు పట్టిక తెరుచుకుంది. ఒక్క రోజూ మానలేదు. పెద్ద శబ్దాలు వినిపించిన రోజు పక్కన టీచరు ఒక మాట రాశారు. తన లైను తెగిపోతే, తిరిగి కలిసేదాకా సాహితే పిల్లలందరినీ కూర్చోబెట్టి లెక్కలు చెప్పిందట. రెండుసార్లు చదివాను. సిగ్గేసింది. పది రోజుల్లో బడి ఎలా జరుగుతోందని దాన్ని ఒక్కసారీ అడగలేదు నేను.

"అయితలేదా అన్నా?" అన్నాడు మల్లేశం.

అవుతోందని, చివరి బటన్ ఒక్కటే మిగిలిందని చెప్పాను. మరి ఒత్తమన్నాడు. నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

మెట్రో దిగి, 9:30కి తిరుగు బస్సెక్కాను. దుకాణాలు తెరుస్తున్నారు, చెత్త బండి తన దారిన పోతోంది. ఖాళీ కుర్చీలు చూసి ఈ ఊళ్ళో పని ఆగిపోయిందనుకున్నవాణ్ణి నేనే. ఇంటి మలుపు దగ్గర బావమరిది ఫోన్ చేశాడు, రసీదు ఏదని. ఆ సీటు ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను.

"అదేంటి బావా, భయం లేదా మీకు?"

"ఉంది. కానీ ఇక్కడ బడి నడుస్తోంది. మా అమ్మాయే నడుపుతోంది."