ఫొటోలకు మరీ దగ్గరగా నిలబడే కాకా

సూరత్‌లో మా గ్యాలరీలో ఏ ప్రదర్శన ప్రారంభమైనా తెలుగువాళ్లుండే గోడాదరా బస్తీ నుంచి ఒక పవర్‌లూమ్ కార్మికుడు వచ్చేవాడు. కుడిచెయ్యి జేబులోనే ఉంచుకుని, ప్రతి ఫొటోనూ మరీ దగ్గరగా చూసేవాడు. చాయ్ ఇచ్చినా తాగేవాడు కాదు. దొంగేమోనని నేను వెంటే తిరిగేదాన్ని. ఒకసారి అడిగేశాను.

"ఏం దేవులాడుతున్నవ్ కాకా?"

"నన్నే బిడ్డా. సాంచాల కాడ మగ్గం నడుపుతుంటే ఒకామె అడగకుంట నా ఫొటో తీసింది. గీడ పెడ్తరేమోనని."

"పెడితే ఏమైతది?"

అతను జేబులోంచి చెయ్యి తీశాడు. రెండు వేళ్లు లేవు.

"ఊర్ల మా ఇంటామెకు ఇది చెప్పలే. మావోళ్లు ఎవరన్న చూస్తే ఆమెకు తెలుస్తది."

అప్పటినుంచి ఫొటోలు గోడకెక్కకముందే అన్నీ నేనే చూసేదాన్ని. అతని ఫొటో లేదని చెప్పేదాన్ని. అతను తలూపి, నన్ను నమ్మక, మొదటి ఫొటో దగ్గరికి నడిచేవాడు.