రేణుక ఆడే కూడికల ఆట

దెయ్యాల కథలు ఎవరైనా చెబితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. తెర మీద ఏదైనా వింతగా జరిగితే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ అలాగే నమ్ముతాను, ఈ ఒక్కటి తప్ప.

మేముండేది గోపన్‌పల్లిలో. ఆదివారాలు నానక్‌రామ్‌గూడలో టవర్లు కట్టే కూలీల పిల్లలకు లెక్కలు చెప్పడానికి వెళ్తుంటాను. రేకుల షెడ్డు, అందులో ఎవరో వాడి ఇచ్చేసిన ఒక కంప్యూటర్. దాంట్లో కూడికల ఆట ఉంది. తెర మీద లెక్క వస్తుంది. సరైన అంకె నొక్కితే కప్ప ఒక ఆకు మీంచి ఇంకో ఆకు మీదికి గెంతుతుంది. తప్పు నొక్కితే బుడుంగున నీళ్లలో పడి, తల విదిలించుకుంటూ లేస్తుంది.

రేణుకకు ఏడేళ్లు. ఆ ఆటంటే ప్రాణం. జవాబు తెలిసినా కావాలనే ముందు ఒకటి ఎక్కువ నొక్కేది. కప్ప నీళ్లలో పడగానే పకపకా నవ్వి, అప్పుడు సరైనది నొక్కేది. ప్రతి లెక్కకూ అంతే. తమ వంతు ఎప్పుడొస్తుందా అని మిగతా పిల్లలు విసుక్కునేవాళ్లు.

వానాకాలంలో రేణుకకు డెంగీ వచ్చింది. దవాఖానలో చేర్చారు. ఇక తిరిగి రాలేదు. ఆ సంగతి పిల్లలే నాకు చెప్పారు. ఆరోజు పాఠం చెప్పలేకపోయాను.

కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం వాళ్లమ్మ యాదమ్మ షెడ్డుకు వచ్చింది. నారాయణపేట వైపు మనిషి. ఇటుకలు మోసే పని. బడి మొహం చూడలేదు.

"నా బిడ్డ ఎప్పుడు సూడు కప్ప, కప్ప అంటుండె మేడం. జర గది సూపిస్తవా?" అంది.

కుర్చీలో కూర్చోబెట్టి ఆట పెట్టాను. ఎక్కడ నొక్కాలో చూపిద్దామని వంగేలోపే ఆమె వేలు కదిలింది. తెర మీద ఐదూ, రెండూ. ఆమె ఎనిమిది నొక్కింది. కప్ప నీళ్లలో పడింది. తర్వాత ఏడు నొక్కింది.

ఇంకో లెక్క వచ్చింది. మళ్లీ ఒకటి ఎక్కువ, తర్వాత సరైనది. ఆ తర్వాతిదీ అంతే. పిల్లలెవరూ జవాబు అందించలేదు. వెనక నిలబడి చూస్తున్నారు. యాదమ్మ కీబోర్డు వైపు చూడటం లేదు. కప్పనే చూస్తూ ఏడుస్తోంది.

కాసేపటికి చేయి తీసేసింది. అంకెలు ఎలా తెలుసని అడిగాను. ఏ అంకెలని అడిగింది. తెర మీది ఐదును చూపిస్తే అదేమిటో తెలియదంది. తాను నొక్కినట్టే ఆమెకు తెలియదు. కప్ప దానంతటదే ఆడుతోందనుకుందట.

ఆ ఆటను ఎన్నోసార్లు పరీక్షించాను. ఏ లోపమూ కనబడలేదు. కూతురు తన అల్లరి గురించి ఇంట్లో చెప్పే ఉండొచ్చు. కానీ అంకె గుర్తుపట్టలేని మనిషికి జవాబెలా తెలుస్తుంది?

తర్వాత యాదమ్మ తనకూ నేర్పమంది. ఒకటి నుంచి మొదలుపెట్టాం. ఆరుకీ తొమ్మిదికీ తేడా పట్టుబడటానికే చాలా వారాలు పట్టింది. అది నటన కాదు, పక్కన కూర్చుని చూసినదాన్ని.

కూడికలు వచ్చాక తీసివేతల ఆట పెట్టబోయాను. నా చేయి పట్టుకుని ఆపింది.

"రేణుక గింతవరకే నేర్సుకున్నది కద మేడం. నాకు గిది చాలు."

మళ్లీ కూడికలే పెట్టాను.

టవరు పని అయిపోయాక వాళ్లు చందానగర్ వైపు వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం గురించి ఎవరికి చెప్పినా ఏదో ఒక కారణం చూపిస్తారు. వింటున్నంతసేపూ నిజమే అనిపిస్తుంది. కప్పను చూస్తూ ఏడ్చిన యాదమ్మ ముఖం గుర్తొస్తే, ఒక్కటీ నిలవదు.