తల గోక్కునే ప్రశ్నల అత్త

పక్క క్వార్టర్ అత్త పోయిందని మొన్న అమ్మ ఫోన్ చేసింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "పున్నెం సేసుకుంది, సుకంగా పోయింది" అంది అమ్మ. నాకు ఒళ్లు మండింది. బతికున్నప్పుడు లేని సుఖం పోయేటప్పుడు దొరికి ఏం లాభం?

తొంభైల్లో భిలాయి స్టీల్ ప్లాంటు వాళ్ల మరోదా కాలనీలో మా రెండిళ్లకీ మధ్య ఒకటే గోడ. అత్త మొగుణ్ణి మామ అనేవాళ్లం. ప్లాంటులో రోలింగ్ మిల్లులో పని. జనరల్ నాలెడ్జిలో తనను మించినవాడు భిలాయిలోనే లేడని ఆయన నమ్మకం. ఎప్పుడో క్విజ్‌లో గెలిచిన కప్పు టీవీ మీద మెరుస్తూ ఉండేది. తాగొస్తే బెల్టో, సేఫ్టీ బూటో, ఏది దొరికితే దానితో అత్తని బాదేవాడు. ఆ దెబ్బలు వినబడగానే మా నాన్న టీవీ సౌండు పెంచేవాడు. ఇంటి గొడవల్లో మనమెందుకు అనేవాడు.

అత్త మా పాత జీకే ఇయర్‌బుక్ తీసుకుని, పప్పు ఉడికేలోగా మా వంటింట్లోనే కూర్చుని చదివేది. జీకే పిచ్చి అనుకునేదాన్ని. ఓ రోజు ఉల్లిపాయలు తరుగుతూ అసలు సంగతి చెప్పింది. మామ చెయ్యెత్తగానే ప్రశ్న వేస్తుందట. లైబ్రరీ మెట్ల మీంచి పడి చచ్చిన మొఘల్ పాదుషా ఎవరు? వెనక్కి ఎగిరే పిట్ట ఏది? జవాబు చెప్పకుండా ఉండలేడు, చెయ్యి ఆగిపోతుంది. చెప్పి, మురిసిపోయి, అన్నం పెట్టమంటాడు.

"తెలీంది అడిగినా కొడతాడే. మరీ సులువుదడిగినా కొడతాడు. తల గోక్కుని సెప్పీదే అడగాల" అని నవ్వబోయింది. పెదవి మీది కుట్లు లాగినట్టున్నాయి, చేత్తో పట్టుకుంది.

వాళ్లమ్మాయి నాకంటే రెండేళ్లు చిన్న. అది లెక్కల్లో తప్పిన సాయంత్రం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. మామ దాని జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. తర్వాత బెల్టు తీశాడు. అది "దీదీ" అంటూ నన్ను కరుచుకుపోయింది. అత్త వంటింట్లోంచి వచ్చి మాకు అడ్డంగా నిలబడింది.

"ఆక్టోపస్‌కి గుండెలెన్ని?"

మామకి తెలీదు. తెలీదని అత్తకి తెలుసు, కావాలనే అడిగింది. బెల్టు కూతుర్ని వదిలేసి ఆమె మీద పడింది. బకిల్ తగిలి పన్ను ఊడింది. గచ్చు మీద రక్తం చిందింది. గోడ అవతల మా టీవీ సౌండు పెరిగింది.

కొట్టి కొట్టి చెయ్యి లాగేశాక మామ రొప్పుతూ ఆగాడు. అప్పుడు బయటపడింది ఆయన అసలు జబ్బు.

"సరే, బతా, నువ్వే చెప్పు. ఎన్ని?"

అత్త రక్తం ఉమ్మి, "ఎతుక్కో" అంది.

ఆమెని కొట్టడం ఆయన మానలేదు. కూతురి మీదికి చెయ్యి లేస్తే మాత్రం అత్త మళ్లీ ఆ ప్రశ్నే వేసేది. జవాబు తెలీదు, ఇంకొకరిని అడిగితే పరువు పోతుంది గనక, ముఖం మాడ్చుకుని బయటికి పోయేవాడు. ఆ పిల్ల ఇప్పుడు స్కూల్లో సైన్సు చెబుతోంది. ఎవరి మీదా చెయ్యి చేసుకోదు.

అత్తని తలుచుకుంటే నాకు ఆ సాయంత్రమే కనబడుతుంది. మామ జవాబు కోసం ఆమె ముఖంలోకి చూస్తున్నాడు. ఆమె పెదవులు బిగించుకుంది. వీపు వెనక దాచిన చెయ్యి మాత్రం, మా ఇద్దరికీ కనబడేలా, మూడు వేళ్లు చాపి ఉంది.