పీతలు కాదండీ, గుల్ల

ఇవాళ పొద్దున్నే పక్కింటివాళ్లు గోలెంలో సున్నం తడిపారు. సుయ్యిమనే ఆ చప్పుడు, గొంతు పట్టేసే ఆ ఘాటు గోడ దాటి మా వంటింట్లోకి వచ్చాయి. అది రాతి సున్నం. మా గుల్లసున్నం తెలుపు దానికెక్కడిది! అయినా ఆ వాసన తగిలితే చాలు, ఆనందరావు గారు కళ్ల ముందుకొస్తారు. ఆయన అప్పట్లో బందరులో సహకార సంఘాల ఇన్‌స్పెక్టరు. అవనిగడ్డ దాకా బస్సులో వచ్చి, అక్కడి నుంచి అద్దె సైకిలు తొక్కుకుంటూ మా ఊరు వచ్చేవారు. కోపిష్టి మనిషి. అంత మంచివాణ్ణి మళ్లీ చూడలేదు.

గుడివాడలో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదివి, పెళ్లయి పాలకాయతిప్ప పక్కనున్న మా అత్తవారి ఊరు చేరాను. సముద్రం పోటు తగ్గి ఏటిలో నీరు తీసినప్పుడు మోకాలి లోతు బురదలో దిగి గుల్ల, అంటే సున్నానికి కాల్చే చిప్పలు, తవ్వడం, కడిగి సున్నపు బట్టీలకు అమ్మడం అక్కడి బతుకు. అనుమతి లేదు, పాడూ లేదు. ఖాకీ చొక్కా వాడెవడైనా వస్తే తట్టలు తొక్కి పోయేవాడు. అందుకని ఊరంతటికీ ఒకటే జవాబు: "పీతలు పడుతున్నామండీ." కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త మరియమ్మ నాకు ముందు నేర్పింది వంట కాదు, ఆ మాట.

ఇంతలో ఏటిలో గుల్లకు వేలంపాట పెడతారని కబురొచ్చింది. పాట ఎవరో బట్టీ యజమానికే పోతుంది. ఇక మా ఏట్లో మేమే కూలీలం, వాడు పిలిస్తేనే. అప్పుడొచ్చారు ఆనందరావు గారు.

"సంఘం పెట్టుకోండి. సంఘానికైతే పాట లేకుండానే లీజు అడగొచ్చు" అన్నారు.

"మాకెందుకండీ ఈ గొడవంతా? ఇన్నాళ్లూ గడవలేదా?" అంది అత్త.

"గడిచింది! తట్టలు తొక్కించుకుంటూ గడిచింది. అదీ ఒక గడవడమేనా మరియమ్మా?" అని ఇంతెత్తున లేచారు.

అంతటితో ఆగితేనా! గట్టు కింద తవ్వకూడదన్నారు, మడచెట్ల వేళ్లు ముట్టుకోకూడదన్నారు. పిల్లలు గుల్ల తవ్వే గోతిలో దిగితే సంఘం మాటే లేదన్నారు. ఊరు గొణిగింది. ఆయన ప్రతి వారం వచ్చి తిట్టి, ఒప్పించి, మా ఇంటి అరుగు మీద మజ్జిగ తాగి వెళ్లేవారు.

చివరికి జిల్లా నుంచి పెద్ద ఆఫీసరు వచ్చి చూస్తానన్నాడు. ఏటిలో మొదటి నుంచీ తవ్వుతున్నది మేమేనని తేలితే చాలు, లీజు మాదే. నీరు తీసిన వేళ ఊరంతా బురదలో దిగి పనిలో ఉన్నాం. ఆఫీసరునీ ఆనందరావు గారినీ తీసుకుని పడవ వచ్చి ఆగింది.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడు ఆఫీసరు.

అత్త నడుం నిలబెట్టి, ఠక్కున, "పీతలు పడుతున్నామండీ" అనేసింది. అలవాటైన నోరు! ఆ పక్కావిడ "పీతలేనండీ" అంది. అవతలాయనా అదే మాట.

"ఏమిటండీ ఇది? గుల్ల తవ్వేవాళ్లే లేనప్పుడు సంఘం ఎవరికి?" అన్నాడు ఆఫీసరు, ఆనందరావు గారి వైపు తిరిగి.

చెంబు దొర్లితే కేకలేసే మనిషి, ఆ రోజు ఒక్క కేక వెయ్యలేదు. బూట్లతోనే బురదలోకి దిగి, మా అత్త పక్కకు వచ్చి నిలబడ్డారు. "మరియమ్మ గారూ" అన్నారు. ఆయన నోట ఆమెకు 'గారు' తగిలించడం అదే మొదలు. "తట్టలు తొక్కేవాడు ఇవాళ రాలేదు. నేను చెబితే అది నా మాట అవుతుంది. పని మీది. మీరే చెప్పండి."

అత్త తట్ట ఎత్తి, ఉన్నదంతా పడవ బల్ల మీద బోర్లించింది.

"పీతలు కాదండీ, గుల్ల. మా మామ తవ్వాడు, నా మొగుడు తవ్వాడు, నేనూ తవ్వుతున్నా. దొంగతనం కాదండీ, మా పని."

వెనకాలే నేనూ నా తట్ట బోర్లించాను. ఒకరి తరవాత ఒకరు ఊరంతా వచ్చారు. బురద నీళ్లు తన పంచె మీద పడుతున్నా ఆఫీసరు కదల్లేదు. ఆనందరావు గారు మొహం పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారు. లీజు మాకే వచ్చింది. తరవాత ఆయనకు బదిలీ అయితే సాగనంపడానికి ఊరంతా అవనిగడ్డ బస్సు దాకా నడిచింది. బస్సు కిటికీలోంచి కూడా పిల్లల్ని గోతిలోకి దింపవద్దని తిడుతూనే వెళ్లారు మహానుభావుడు.

ఇందాక పక్కింటి కోడలు గోడ దగ్గరకొచ్చి, "ఘాటుగా ఉందా మామ్మగారూ?" అంది. నేను సున్నం తీరు చెబుతుంటే, "మీకివన్నీ ఎలా తెలుసండీ?" అని ఆశ్చర్యపోయింది. బ్యాంకులో పనిచేసే మా అబ్బాయి హాల్లోంచే, "మాకు అప్పట్లో సున్నం వ్యాపారం ఉండేదిలెండి" అన్నాడు.

నేను చెయ్యి తుడుచుకుని గోడకు ఇంకాస్త దగ్గరగా వెళ్లాను.

"వ్యాపారం కాదమ్మా. నేను గుల్ల తవ్వేదాన్ని" అన్నాను.